నాలుగో నట్టు

మొన్న శుక్రవారం పొద్దుగాల చాయ్ దుకాణమాయన ఫోన్ చేసిండు. "అన్నా, ఉస్తాద్ పోయిండే. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండట."

నేను మార్కెట్ యార్డుల పసుపు సంచులు తూకం వేస్తున్న. కాంటా మీద సంచి అట్లనే ఇడిసిన. ఏడ్పొచ్చింది. అబద్ధమెందుకు, ఎంబడే పానం జర నిమ్మళమైంది గూడ. దవాఖానల పడి గోసవడలేదు, ఎవ్వరి చేత చాకిరి చేయించుకోలేదు. ఇంకోటి, నేనాయనకు చెప్పాల్సిన మాట ఒకటుండె. అది చెప్పేసిన. చెప్పకుంటనే ఆయన పోయుంటే ఇయ్యాల నా గతేమయ్యేది?

ఉస్తాద్ అంటే మా గల్లీ మలుపుల రేకుల షెడ్డు మెకానిక్. చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉంటుండె. తాగుడు బందువెట్టి ఏండ్లయింది. "నోటికి పోయింది బేటా, చెవికే అలవాటు పోతలేదు" అంటుండె.

పట్టేసిన నట్టు కండ్లవడితే ఎవలైనా పెద్ద పానా తీస్తరు. ఆయన మాత్రం రెండు చుక్కలు నూనె పోసి చాయ్‌కి పోతుండె. బండి తెచ్చినోళ్లు గరమైతే, "నేను చాయ్ తాగుతున్న, అది నూనె తాగుతున్నది. తొందర నీకున్నది, దానికి లేదు" అని గ్లాసు ఊదుకుంట కూసునేటోడు.

ఇగ దసరా ముచ్చట. మా ఆర్మూర్ల పసుపుకు కరువా? బండ్ల పూజ అంటే మేం బొట్టు వెట్టం, మెత్తుతం. చక్రాల నట్లకు గూడ ముద్దలు ముద్దలు వెట్టి, మీదికెళ్లి కొబ్బరినీళ్లు పోస్తం. ఆ తడి సందులల్లకు పోయి, ఎండకాలమొచ్చేసరికి నట్టు తుప్పువట్టి కూసుంటది. అందుకే ఉస్తాద్ ఎవ్వరు పిలువకున్నా పూజకు ముందు గ్రీజు డబ్బా పట్టుకొని గల్లీలకొస్తుండె. ఒక్కొక్క నట్టు ఇప్పి, వేలితోని జర గ్రీజు రాసి, మళ్ల బిగిస్తుండె. "ముందు గ్రీజు, ఎనుక పసుపు. దేవుడేమనడు" అనేటోడు.

నేను పాత కారు కొన్న మొదటి దసరా అది. కడిగి, బంతిపూల దండ కట్టి, చుట్టాలందరిని పిలిచిన. సెకండ్ హ్యాండు బండైతేంది, నా షాన్ మాత్రం కొత్తది! ఉస్తాద్ వచ్చి ముందటి ఎడమ చక్రం కాడ కూసున్నడు. మూడు నట్లయినయ్. నాలుగోదానికి పానా వెట్టిండు. గంతల నా బామ్మర్ది నవ్విండు, "బావా, పూజ పంతులు చేస్తడా, మెకానిక్ చేస్తడా?" అని. నాకు రోషం తలకెక్కింది. "పూజ కాడ గీ నల్ల చేతులేంది ఉస్తాద్? లే, లే" అన్న, అందరి ముందట.

ఆయన లేచిండు. గుడ్డకు చేతులు తుడుసుకున్నడు. "అచ్ఛా బేటా" అని డబ్బా పట్టుకొని పోయిండు. నా భార్య నా దిక్కు చూసి, "నోరా, మురికి మోరీయా అది?" అన్నది. తప్పని నాకూ ఎరుకే. కని షెడ్డు ముందటికెళ్లి పోవాల్సొస్తే సుట్టు తిరిగి వేరే గల్లీలకెళ్లి పోయిన, నెలలకు నెలలు.

ఎండకాలమొచ్చింది. బిడ్డకు ఎంట్రెన్స్ పరీక్ష. సెంటర్ డిచ్‌పల్లి దిక్కు. నిమిషం లేటైనా గేటు తియ్యరు. జక్రాన్‌పల్లి దాటంగనే టైరు పోయింది. ఏ చక్రమో చెప్పాల్నా? ముందటి ఎడమదే. మూడు నట్లు మంచిగొచ్చినయ్. నాలుగోది కదల్లే. పానా మీద ఎక్కి నిలవడ్డ, ఎగిరిన. జారి మోకాలు పగిలింది. బిడ్డ రోడ్డు మీద చెయ్యెత్తుతున్నది, బస్సులు ఆగకుంటనే పోతున్నయ్. "నాయినా, టైమ్ ఐతున్నది" అని ఏడుపు మొదలువెట్టింది.

సిగ్గు ఇడిసి ఉస్తాద్‌కు ఫోన్ కొట్టిన. ముందటి ఎడమ చక్రం నట్టు వస్తలేదని చెప్పిన.

"ఎన్నో నట్టు బేటా?"

"నాలుగోది, ఉస్తాద్."

అది ఏ నాలుగోదో ఇద్దరికీ ఎరుకే. ఫోన్ పెట్టేస్తడేమో అనుకున్న.

"పానా మీద ఎగురుతున్నవా? దిగు. మూలలు అరిగితే నేనొచ్చినా ఏం జెయ్యలేను. ముందుగాల గా మూడింటిని మళ్ల బిగియ్యి."

"ఇప్పినయి మళ్ల బిగించాల్నా! బిడ్డకు పరీక్షున్నది ఉస్తాద్!"

"భారమంతా ఒక్కదాని మీదనే పడ్డది. అదెట్లొస్తది? బిగియ్యి."

బిగించిన. ఇంజన్ ఆయిల్ చూసే పుల్ల తీసి దాని చుక్కలు నట్టు మీద పోయమన్నడు. రాయితోని సుట్టూ మెల్లగ కొట్టమన్నడు. బిడ్డను వంద లెక్కవెట్టుమన్నడు. ఆ వంద నా జిందగీల అన్నిటికన్నా పెద్ద వంద.

"ఇప్పుడు దాన్ని గూడ జర బిగియ్యి. ఒక్క ఎంట్రుక మందం. తర్వాత ఇప్పు."

బిగించే దిక్కు నూకిన. కిర్రుమన్నది. ఇటు తిప్పిన, వచ్చింది! నేను మొత్తుకున్న మొత్తుడుకు పక్క మక్క చేన్ల కొంగలు లేచినయ్. ఫోన్ల ఉస్తాద్, "ఇంక నాతోని ఏం ముచ్చట? పో, పో!" అన్నడు.

గేటు సగం మూసినంక బిడ్డ లోపలికి ఉరికింది. నేను అక్కడి నల్లా నీళ్ల కింద తలవెట్టి, ఒక్కన్నే పిచ్చోని లెక్క నవ్విన.

పొద్దుమూకంగ సీదా షెడ్డుకు పోయిన. ఉస్తాద్ ఒక కారు కిందున్నడు, కాళ్లే కనవడ్డయ్. ఆ కాళ్లకే చెప్పిన. "ఉస్తాద్, దసరానాడు నాది తప్పు. మాఫ్ చెయ్యి."

కింది నుంచి చెయ్యి బయటికొచ్చింది. "గా పానా ఇటియ్యి." ఇచ్చిన. పని చేసుకుంటనే అన్నడు, "తుప్పు వట్టకముందే వచ్చినవ్ తియ్. పరీక్ష మంచిగ రాసిందా బిడ్డ?"

గంతే. తర్వాత ప్రతి దసరాకు వచ్చిండు. మా కారు కాడ మాత్రం ముందుగాల నాలుగో నట్టే ఇప్పేటోడు. నా మొఖం దిక్కు చూసి నవ్వేటోడు. నన్ను ఆయన ఎత్తిపొడిసిందేమన్న ఉంటే అదొక్కటే.

ఖబ్రస్తాన్‌ల మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చిన. వచ్చే వారం దసరా. నిన్న గ్రీజు డబ్బా కొనుక్కొచ్చి కారు కాడ కూసున్న. నాకు చెయ్యి రాలే. బిడ్డ నా చేతులకెళ్లి పానా తీసుకొని, నాలుగోదానికే వెట్టింది.

"నాయినా, ఒక్క చేతికే వచ్చింది" అన్నది.

వంగి చూసిన. లోపల ఉస్తాద్ పోయిన దసరాకు రాసిన గ్రీజు ఇంకా మెత్తగనే ఉన్నది.