మినుముల్లో పడ్డ జంపర్

రావులపాలెంలో మా మావయ్య అరటికాయల వ్యాపారి. నేనేమో రాజమండ్రిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో టైపింగూ, ఎమ్మెస్ ఆఫీసూ నేర్పేదాన్ని. అందుచేత మా చుట్టాలందరి లెక్కలో కంప్యూటర్‌ గురించి నాకు తెలియనిదంటూ ఉండకూడదు. నిజానికి ఆ డబ్బా మూత నేనెన్నడూ విప్పి ఎరగను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మావయ్య కూతురి పెళ్ళి వీడియో క్యాసెట్లకు బూజు పట్టింది. ఆయన కంగారుపడి స్టూడియోలో ఇచ్చి వాటిని సీడీల్లోకి ఎక్కించాడు. సీడీలూ పాడవుతాయని ఎవరో భయపెట్టారు. దాంతో తన పాత కంప్యూటర్‌కి నలభై జీబీ హార్డ్ డిస్క్ కొనేసి, బిగించడానికి రమ్మని నాకు కబురు పెట్టాడు.

నేను వెళ్ళేసరికి ఆయన కొత్త డిస్కు ఒక చేత్తో, కంప్యూటర్‌లోంచి ఊడదీసిన పాత డిస్కు ఇంకో చేత్తో పట్టుకుని బరువు చూస్తున్నాడు.

"ఏంటే అమ్మాయ్, నాలుగు జీబీదే బరువుగా ఉంది! నలభై జీబీది ఇంత తేలికేంటి? లోపల సరుకుందంటావా?"

"సరుకు మనమే నింపుకోవాలి మావయ్యా."

"అంటే ఖాళీది అంటగట్టాడా!"

ఆయన్ని ఎలాగో ఊరుకోబెట్టి, రెండు డిస్కులూ బిగించి స్విచ్ వేశాను. తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చాయి. అంతే, అక్కడే ఆగిపోయింది. మళ్ళీ ఆపి వేశాను. మళ్ళీ అక్కడే. ఆ గదిలోనే దుప్పటి పరిచి మినుముల్లో రాళ్ళు ఏరుతున్న అత్తయ్య తల కూడా ఎత్తకుండా, "దిష్టి తియ్యమంటావా?" అంది. నాకు ఒళ్ళు మండింది గానీ, అంతకన్నా మంచి ఉపాయం నా దగ్గరా లేదు.

చివరికి డిస్కు అమ్మిన షాపుకి ఫోన్ చేశాను.

"మీ కంప్యూటర్ పాతదండి, అంత పెద్ద డిస్కు దానికి అర్థం కాదండి," అన్నాడు షాపాయన. "డిస్కు వెనకాల జంపరని నల్ల ముక్క ఉంటుందండి. దాన్ని తీసి పక్క పిన్నులకు పెట్టండి. చిన్న డిస్కే అనుకుని ఒప్పేసుకుంటుందండి."

కంప్యూటర్‌ని మోసం చెయ్యాలన్నమాట. మావయ్యకి ఈ పద్ధతి బాగా నచ్చింది. నేను పట్టకారుతో జంపర్ లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను. వచ్చింది, ఎగిరింది, వెళ్ళి మినుముల్లో పడింది.

నల్ల మినుముల్లో మినపగింజంత నల్ల ముక్క! ముగ్గురం దుప్పటి చుట్టూ కూర్చుని వెతికాం. మావయ్య కళ్ళజోడు మార్చి వెతికాడు. నేను చేటలో పోసి చెరిగాను, చెరగడం రాక సగం మినుములు గదినిండా చల్లాను. అత్తయ్య తిడుతూనే చేతులు ఆడిస్తోంది. చాలాసేపయ్యాక మావయ్యకి అనుమానం వచ్చి, ఆమె పక్కనున్న రాళ్ళ కుప్ప కెలికాడు. జంపర్ అందులో ఉంది.

"నల్ల రాయనుకుని తీసేశానే," అంది అత్తయ్య నింపాదిగా.

ఆ ముక్క పక్క పిన్నులకు పెట్టి స్విచ్ వేశాను. ఈసారి కంప్యూటర్ చక్కగా లేచింది. డిస్కుని గుర్తుపట్టింది కూడా. కానీ ముప్ఫై రెండు జీబీలే చూపించింది. మళ్ళీ షాపుకి ఫోన్ కలిపాను. మావయ్య నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"ఏమండీ, అరటిగెల అమ్మి అందులో రెండత్తాల కాయలు కోసేసుకుంటే ఊరుకుంటామా అండి?"

"నలభై జీబీలూ దాంట్లోనే ఉన్నాయండి. మీ కంప్యూటర్‌కి కనపడదంతే."

మావయ్య ఫోన్ పెట్టేశాడు. "పోన్లే, కాస్త ఖాళీ ఉంటేనే లోపల గాలాడుద్ది," అన్నాడు.

పెళ్ళి సీడీలన్నీ డిస్కులోకి ఎక్కించి, ముగ్గురం తెర ముందు కుర్చీలు వేసుకున్నాం. పాపం, అంత వీడియో ఆడించే ఓపిక ఆ కంప్యూటర్‌కి లేదు. మేళం ముందు పరుగెడితే బొమ్మలు వెనకాల ఈడ్చుకుంటూ వచ్చాయి. గట్టిమేళం అయిపోయి, పంతులుగారు భోజనాలకు లేవమంటున్నా పెళ్ళికొడుకు ఇంకా తాళి పట్టుకుని వంగే ఉన్నాడు. మావయ్య మౌస్‌ని టేబుల్ మీద కొట్టబోతే అత్తయ్య ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనివ్వండి. పెళ్ళిరోజు వంటలవాళ్ళ దగ్గరే తెల్లారిపోయింది నాకు. ఇప్పుడే తీరిగ్గా చూస్తన్నాను," అంది. "అమ్మాయ్, ఆ వెనకాల ఆకుపచ్చ చీర ఎవరిదో చూడవే."

ఎవరిదో తెలియాలంటే ఆ చీరావిడ ఇటు తిరగాలి. ఆవిడ తిరిగేలోగా నేను కాఫీ పెట్టుకొచ్చాను.