గొంతులో దూది

నిజాం ఏలుబడి చివరి ఏండ్లు. బీ.ఏ. ముగించి, కొల్లాపూరులో మేనమామ ఇంట్లో తింటూ ఉద్యోగం కోసం చూస్తున్నాను. ఆయన కూతురు కమలను చూడడానికి ఆ రోజు వనపర్తి నుంచి పెండ్లివారు వస్తున్నారు. ఇంట్లో ఉన్న ఒక్క సోఫా మెత్తలు అణిగి రొట్టెల్లా అయ్యాయి. దూదేకే ఆయన ఊళ్లో లేడు. చదువుకున్నవాడినని ఆ పని నాకు అప్పగించారు.

కుట్లు విప్పి, గడ్డకట్టిన దూదిని ఎండలో పరిచి కట్టెతో కొడుతుంటే మామ వచ్చాడు. పిల్లను బయటివాళ్లకు ఇచ్చేముందు మేనబావను ఒక మాట అడగడం మాలో ఆనవాయితీ. బావ ఊరుకుంటే ఒప్పుకున్నట్టే.

"కమలను గాళ్లకే ఇద్దామనుకుంటున్న. నీకేమన్న అడ్డమున్నదా అల్లుడా?"

ఉన్నదని చెప్పడానికే నోరు తెరిచాను. దూది నూగు గొంతులో పడి దగ్గు పట్టుకుంది. మామ మర్యాదగా కాసేపు ఆగి, "మంచిది బిడ్డా" అని వెళ్లిపోయాడు.

కమల నీళ్లు తెచ్చింది. "బీయే చదివినవు గద బావా, ఒక్క మాట రాకపాయెనా?"

అప్పటికే వాకిట్లో మామ పెండ్లివారి కాళ్లకు నీళ్లిస్తున్నాడు.

"సూది తే. మెత్త కుట్టాలె" అన్నాను.

తెచ్చింది. ఆమె అంచులు రెండూ దగ్గరికి పట్టుకుంది, నేను కుట్టాను. ఒక్క మెత్తకు నేను పట్టించినంత సేపు ఏ దర్జీ పట్టించి ఉండడు. ఇన్నేండ్ల తరువాత కూడా అది తొందరగా అయిపోయిందనే అనిపిస్తుంది.