ఇబ్రాలో నేను తీసిన ఈతకల్లు

మా మనవరాలు ఈ ఏడు లా కాలేజీలో చేరింది. చేరిన నాటి నుంచి ఇంట్లో ఎవరు ఏం మాట్లాడినా సాక్ష్యం అడుగుతోంది. పాలు పొంగిపోతే వాళ్ళమ్మను ముద్దాయిని చేస్తుంది, నేను షుగరు మాత్ర వేసుకున్నానంటే ఖాళీ రేకు చూపించమంటుంది. మొన్న ఆదివారం నేను పేపరు చదువుకుంటూ ఉంటే పక్కన చేరి, మన ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా కోర్టు మెట్లెక్కారా తాతా అని అడిగింది. ఎక్కకేం, నేనే ఎక్కాను, అదీ ఒమాన్ దేశంలో, చుట్టూ ఇరవై మంది పోలీసులు తుపాకులు పట్టుకుని ఉంటే నడుమ సింహంలా నిలబడ్డాను అన్నాను. దాని కళ్ళు ఇంతింతయ్యాయి. మీరంతా నా ఈడు వాళ్ళు, మీతో దాపరికమెందుకు, పోలీసులు ఇద్దరే. ఒకాయన దగ్గర తుపాకీ లేదు, రెండో ఆయన కునుకు తీస్తున్నాడు. సింహం సంగతి కూడా మీరే కొంత తగ్గించుకోండి.

అది ఎనభైల మొదట్లో మాట. ఇబ్రా ఊరి వెలుపల ఒక బడి కట్టే పని మా కంపెనీ చేతిలో ఉండేది. నేను షట్టరింగ్ కార్పెంటర్ని, మా బావ రాడ్లు వంచే మేస్త్రీ. బావ అంటే మా అక్క పెనిమిటి. నాకు వీసా తెప్పించిందీ ఆయనే, డ్యూటీ ఎలా చేయాలో నేర్పిందీ ఆయనే. కరీంనగర్ జిల్లా వాళ్ళమే ఎనిమిది మందిమి ఒక రూమ్‌లో ఉండేవాళ్ళం. మా బావకు అబద్ధం నోట రాదు. సైట్‌లో ఏదైనా తప్పు జరిగితే ఫోర్‌మన్ ఎవరినీ అడగకుండా నేరుగా ఆయన దగ్గరికే వచ్చేవాడు, మేమంతా ఆ నిజాయితీ వల్ల నానా తిప్పలూ పడేవాళ్ళం. నా నోటికేమో నిజం ఒక్కటే వస్తే బోసిగా అనిపించేది, పక్కన ఇంకో నాలుగు చేర్చి గానీ బయటికి పంపేవాణ్ణి కాదు.

ఆ ఏడు బావ వాళ్ళ అమ్మ, మా అత్తమ్మ, కాలం చేసింది. ఉత్తరం మా చేతికి అందేసరికి ఇరవై రోజులు దాటిపోయాయి; కర్మకాండ కూడా అయిపోయిందని అందులోనే రాశారు. పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉన్నాయి, పని గడువు నెత్తిమీద ఉంది, పోయినా చూడ్డానికి మనిషి లేదు. బావ ఏడవలేదు. డ్యూటీకి వెళ్ళేవాడు, వచ్చేవాడు, పళ్ళెంలో అన్నం కెలికి లేచేవాడు. వారం రోజులకు ఒక్క మాటన్నాడు.

"పెద్దకొడుకునని పేరుకేరా. అవ్వకు ఇంత సాక పొయ్యకపోతి."

మా దిక్కు పోయినవాళ్ళకు నేల మీద కల్లు ధారగా పోసి దండం పెడతారు, దాన్ని సాక అంటారు. అది అందేదాకా పోయినవాళ్ళ దూప తీరదని పెద్దల నమ్మకం. ఒమాన్‌లో కల్లెక్కడిది? కానీ ఆ మొహం చూస్తూ ఊరుకోలేక నా నోరు తన పని తాను చేసేసింది.

"చుట్టూత ఈతచెట్లే ఉంటే కల్లు లేదంటవేంది బావా? మా ఊళ్ళె గీసేటి తాత దగ్గర చిన్నప్పుడే నేర్సుకున్న. శుక్రారం దాక ఆగు."

ఖర్జూరపు చెట్టు మన ఈతచెట్టుకు దాయాదే, అంతవరకు నిజం. ఆ తాత దగ్గర నేను నేర్చుకున్నది మాత్రం తాగడం ఒక్కటే. మా నాయన టైలరు. చిన్నప్పుడు నేను ఎక్కిన ఎత్తైన వస్తువు ఆయన కుట్టుమిషను ముందరి స్టూలు. అయినా శుక్రవారం పొద్దున్నే నడుముకు తాడు చుట్టుకుని, కత్తి దోపుకుని, అందరూ చూస్తుండగా క్యాంపు వెనక వాగు దాటి ఖర్జూరపు తోట వైపు వెళ్ళాను. నాలుగు నిలువులు ఎక్కి మొవ్వు దగ్గర గీత పెట్టానని తర్వాత ఏళ్ళ తరబడి చెప్పుకున్నాను. ఎక్కలేదండీ. చెట్టును కావలించుకున్నాను, ముల్లు గుచ్చుకుంది, వదిలేశాను. అక్కణ్ణించి చుట్టూ తిరిగి దుకాణానికి పోయి లబన్ ప్యాకెట్లు, అంటే అక్కడి మజ్జిగ, డబ్బాలో వచ్చే కొబ్బరినీళ్ళు, చక్కెర, వంటసోడా కొన్నాను. ఇటుకల షెడ్డు వెనక కూర్చుని ఒక మట్టికుండలో కలిపి, కాసేపు ఎండకు పెట్టాను. సోడా పడేసరికి నురగ ఎలా లేచిందంటే నాకే నోరూరింది.

మధ్యాహ్నం బావ స్నానం చేసి, దక్షిణం వైపు తిరిగి, అవ్వా అని పిలిచి ఆ ధార ఇసుకలో పోశాడు. ఇసుక గుటుక్కున తాగేసింది. అప్పుడు ఏడ్చాడు, ఆ ఇరవై రోజుల ఏడుపూ, ఆ తర్వాతి వారం రోజుల ఏడుపూ కలిపి. తర్వాత ఉడికించిన శనగ గుడాలు ముందర పెట్టుకుని అందరం తాగాం. నమ్మితే నమ్మండి, మజ్జిగ తాగి ఎనిమిది మందికీ నిషా ఎక్కింది! ఒకాయన బతుకమ్మ పాటెత్తుకున్నాడు, ఇంకొకాయన తూలి మంచం మీంచి పడ్డాడు. బావ పొద్దుగూకే దాకా వాళ్ళమ్మ ముచ్చట్లు చెప్పి, కడుపునిండా తిని పడుకున్నాడు. కలిపింది నేనే, అయినా నాకూ కొంచెం తల తిరిగింది.

ఇక ప్రతి శుక్రవారం అదే తంతు. పక్క క్యాంపుల నుంచి కూడా మనవాళ్ళు రాసాగారు, నాకు కీర్తి పెరిగింది. బావ సంతోషం పట్టలేక ఒకరోజు తోట యజమాని డ్రైవరుకు, నా బామ్మర్ది మీ చెట్ల నుంచి ఎంత గొప్ప కల్లు తీస్తాడో తెలుసా అని హిందీలో వివరంగా చెప్పాడు. నిజమే చెప్పాననుకున్నాడు పాపం. మరుసటి శుక్రవారం భోజనాల వేళకు పోలీసులు వచ్చారు. కుండ నడుమన ఉంది, కప్పులు చేతుల్లో ఉన్నాయి, తాడూ కత్తీ నా మంచం కింద ఉన్నాయి. కుండలోంచి ఒక సీసా నింపి సీలు వేసి, నన్ను జీపు ఎక్కించారు.

రెండు నేరాలు మోపారు: ఒకటి మత్తుపానీయం తయారుచేయడం, రెండు పరాయి ఖర్జూరపు చెట్టును గాయపరచడం. రుజువైతే జైలు, ఆ తర్వాత దేశం నుంచి పంపివేత, మళ్ళీ వీసా ఉండదు. ఇంటి దగ్గర అమ్మా నాయనా, పెళ్ళయి ఏడాదైన భార్యా నా మీదే ఆధారపడి ఉన్నారు. ఇరవై ఆరు రోజులు చీకటి కొట్టులో ఉన్నానని మా ఊళ్ళో చెప్పాను. అది చీకటి కొట్టు కాదు, అక్కడ ఏసీ ఉంది, మా రూమ్‌లో కంటే బాగా పనిచేసేది. వేళకు రొట్టె, పప్పు పెట్టారు, కాస్త ఒళ్ళు కూడా చేశాను. కానీ నిద్ర మాత్రం పట్టలేదు, ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

కంపెనీ లాయరును పెట్టింది. నా మీద ప్రేమతో అనుకునేరు. క్యాంపు కంపెనీ పేరు మీద ఉంది, అందులో కల్లు బట్టీ ఉందంటే వాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. ఆయన జాంజిబార్‌లో పుట్టి పెరిగిన ఒమానీ పెద్దమనిషి, మస్కట్‌లోని ఖురంలో ఆఫీసు, అక్కడి బొంబాయి వర్తకుల దగ్గర నేర్చుకున్న హిందీ మాట్లాడేవాడు. నేను ఆయనకు తాత దగ్గర విద్య నేర్వడం మొదలు మొవ్వు దగ్గర గీత పెట్టడం దాకా చేతులు తిప్పుతూ వివరించాను. అంతా విని, ఒక్క ముక్క రాయకుండా కలం మూత పెట్టాడు.

"భాయీ, యే సబ్ సచ్ హై తో జైల్. ఝూఠ్ హై తో ఛుట్టీ. అబ్ బోలో."

కథ నిజమైతే జైలట, అబద్ధమైతే విడుదలట! పుట్టి బుద్ధెరిగాక నా అబద్ధానికి అంత విలువ కట్టినవాడు ఆయనొక్కడే. ఏడ్చి అంతా కక్కేశాను. ఒక్కటే మొక్కుకున్నాను, మా బావకు మాత్రం తెలియనీయకండి సాబ్, ఆయన దాన్ని తల్లికి సాక పోశాడు అని. లాయరు నిట్టూర్చి, అవతలి పక్షానికి మొదటి సాక్షి మీ బావే అన్నాడు.

కోర్టులో తోట యజమాని మొదట లేచాడు. కోపంగానే వచ్చాడు, కానీ ఉన్నమాట చెప్పాడు. ప్రతి చెట్టూ స్వయంగా తిరిగి చూశాననీ, ఒక్కదాని మీదా గాటు లేదనీ. అట్లా రెండో నేరం పోయింది. మొదటిది పోలేదు, ఎందుకంటే సీసాలో కొంచెం మత్తు గుణం ఉందని రిపోర్టు వచ్చింది. అన్ని రోజులు పోలీసుల వేడి గదిలో ఉంటే చక్కెర కలిసిన ఏ పానీయమైనా పులుస్తుందని మా లాయరు వాదించాడు. అప్పుడు బావను పిలిచారు. తర్జుమా చేసే హైదరాబాదాయన అడగడమే ఆలస్యం, బావ రొమ్ము విరుచుకుని చెప్పాడు.

"కల్లు అమ్మే మండువ పక్కపొంటి పుట్టినోణ్ణి సాబ్, నాకు కల్లు తెల్వదా? అది అసలు ఈతకల్లు. నాకు నిషా గుడ ఎక్కింది. మా అవ్వకు దాంతోనే సాక పోసిన!"

లాయరు నుదురు పట్టుకున్నాడు. తర్వాత లేచి, ముద్దాయి ఆ పానీయాన్ని ఇక్కడే తయారుచేస్తాడు, సాక్షి రుచి చూసి చెప్పాలి అని జడ్జిగారిని అనుమతి అడిగాడు. సామాన్లు సంచీలో సిద్ధంగా తెచ్చుకున్నాడు మహానుభావుడు. జడ్జిగారు రెండు గ్లాసులు తాగి ఎలా చేయాలో రాసిమ్మన్నారని మనవరాలికి చెప్పాను. అది కల్ల, ఆయన వాసన చూసి గడ్డం నిమురుకున్నారంతే. నేను లబన్ పోశాను, కొబ్బరినీళ్ళు కలిపాను, సోడా వేశాను. కాసేపు ఆగాం. ఒక్కో వస్తువూ పడుతుంటే బావ మొహం ఎలా మారుతోందో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆయన ఒక గుటక తాగి, కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇది అది కాదు అంటే తల్లికి పోసిన సాక నిలుస్తుంది, నేను జైలుకు పోతాను. ఇదే అంటే నేను బయటపడతాను, ఆయన తల్లికి మజ్జిగ పోసిన కొడుకవుతాడు. అంతమంది ముందు ఆయన గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఇదే సాబ్. ఆనాడు తాగింది ఇదే. పోసింది ఇదే."

నన్ను వదిలేశారు. లాయరు చెయ్యి కలిపి, ఇకనుంచి తక్కువ మాట్లాడమని సలహా ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ సలహా నేను పాటించలేదని మీకు తెలుస్తూనే ఉంది. బయట మెట్ల మీద కంపెనీ బండి కోసం చూస్తూ ఇద్దరమే మిగిలాం. తప్పయింది బావా, కొట్టు అన్నాను. ఆయన చాలాసేపు తన చెప్పుల వైపే చూశాడు.

"ఎందుకు కొడ్త బామ్మర్ది? మా అవ్వ కల్లు ముట్టేదే కాదు. వాసనొస్తె దూరం జరిగేది. సల్లంటెనే ఆమెకు పానం. ఆమెకు ముట్టాల్సింది ముట్టింది తియ్."

సల్ల అంటే మజ్జిగే కదా, నా గుండె మీది బండ దిగిపోయింది. ఆ తర్వాతి శుక్రవారాల్లో లబన్ అని తెలిసే అందరం తాగాం, నన్ను ఎగతాళి చేస్తూ. నిషా మాత్రం మళ్ళీ ఎక్కలేదు.

రెండేళ్ళకు సెలవు మీద ఇంటికి వచ్చి మా అక్కకు ఈ కథంతా చెప్పాను. ఆమె నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మా అత్తనారా? పొద్దూకంగ కల్లు లొట్టి రాకపోతె బువ్వ ముట్టకపోయేది. కల్లు గీసేటాయనను వాకిట్ల నిలబెట్టి తిట్టేది!"

ఆ సంగతి నాకు తెలిసిందని బావకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఎనభై దాటాడు, ఇప్పటికీ పండో కాయో తీసుకుని నెలకోసారి వస్తాడు.

ఇప్పుడు గల్ఫులో ఉన్న మన పిల్లలు తల్లి పోతే ఆ క్షణమే ఫోన్‌లో చూస్తారు, సాధ్యమైతే మర్నాడే విమానం దిగుతారు. మంచిదే, ఆ ఇరవై రోజుల ఉత్తరం పగవాడికి కూడా వద్దు. కానీ అంతా అందరికీ వెంటనే తెలిసిపోయే ఈ రోజుల్లో, ఎదుటివాడి కడుపు చల్లబరచడానికి ఒక మాట కల్పించే జాగా ఎక్కడుందా అనిపిస్తుంది. నేను బతుకంతా గొప్పకోసం వేల అబద్ధాలాడాను, ఒక్కటీ అతికినట్టు లేదు. మా బావ ఒక్కటే ఆడాడు, నా మొహం చూడలేక చెప్పులకేసి చూస్తూ. రెండేళ్ళు దాన్ని అనుమానించాలన్న ఊహే నాకు రాలేదు.