అంతరిక్షం వయా యాడికి

ఆ రోజుల్లో మా అనంతపురం వైపు ఎదురుచూడటమే ఒక వృత్తి. నాయన మబ్బు కోసం చూసేవాడు, అమ్మ నీళ్ళ ట్యాంకరు కోసం చూసేది, నేనేమో ఒక కంప్యూటర్ ఆట కోసం చూశాను. మబ్బు రాకపోయినా నాయన గౌరవానికి లోటు రాలేదు. ట్యాంకరు రాకపోయినా అమ్మను ఎవరూ చూసి నవ్వలేదు. ఎదురుచూసి మీసం పోగొట్టుకున్నది మాత్రం ఇంట్లో నేనొక్కడినే. మూర్ఖత్వం నాదేనని మొదటే ఒప్పేసుకుంటే తర్వాత మీరు నవ్వేటప్పుడు నాకు అంత బాధ ఉండదు కాబట్టి, ముందే చెబుతున్నాను: ఇంకా పుట్టని ఆట కోసం, అది ఎన్నటికీ దిగని ఊరికి, తలకు నూనె రాసుకుని మరీ బస్సెక్కి పోయినవాణ్ణి నేను.

అప్పుడు నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. (చదువుతున్నానని గార్లదిన్నె పక్కన మా పల్లెలో అనుకునేవారు.) కాలేజీకీ నా గదికీ మధ్య ఒక నెట్ సెంటర్ ఉండేది. దాని యజమానిని మేమందరం సీడీ అన్న అనేవాళ్ళం. వాళ్ళ నాన్న నడిపిన నూనె అంగడిలోనే ఒక వైపు మూడు కంప్యూటర్లు పెట్టి, రెండో వైపు శనక్కాయ నూనె డబ్బాలు అట్లాగే ఉంచేశాడు. కీబోర్డు మీద వేలు జారిందంటే అది మన చేతకానితనమో, నూనె మహిమో తేల్చి చెప్పడం కష్టం. ఆ అంగడిలోనే ఒక కంప్యూటర్ పత్రికలో ఆ ఆట బొమ్మ చూశాను. అంతరిక్ష నౌక మనదే, దారి మనదే. ఏ చుక్కను చూపిస్తే ఆ చుక్కకు పోవచ్చు, ఏ గ్రహం మీదైనా దిగవచ్చు, మొదట దిగినవాడే దానికి పేరు పెట్టవచ్చు. కింద ‘త్వరలో’ అని ఉంది. కరెంటు లైను త్వరలో, కాలువ నీళ్ళు త్వరలో అని విని విని పెరిగినవాణ్ణి నేను, ఆ మాటను నమ్మకూడదు. కానీ ఇది రంగుల్లో అచ్చయి ఉంది కదా, నమ్మేశాను.

ఆ పేజీని మడిచి పల్లెకు కూడా తీసుకుపోయాను. ఎర్రటి నేల, రాళ్ళు, దూరంగా ఒక బోడికొండ, మధ్యలో నౌక. నాయన దాన్ని చేతికి తీసుకుని, కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు.

“ఇది మన తూర్పు చేను గాదేమిరా?”

“కాదు నాయనా, వేరే గ్రహం. ఇంకో నక్షత్రం దగ్గర ఉండాది.”

“ఆడ వాన పడతాదా?”

“పడదు నాయనా. నీళ్ళే లేవు.”

“అట్లయితే దానికోసం అంత దూరం పోయేదెందుకురా?” అని పేజీ నా చేతికిచ్చి, ఆకాశం వైపు చూస్తూ పోయాడు. ఆయన చూసేదీ ఆకాశమే, నేను చూసేదీ ఆకాశమే. ఆయనకు మబ్బులు అడ్డం రావాలి, నాకు రాకూడదు. అంతే తేడా.

ఆ తర్వాత నేను రోజూ సీడీ అన్న అంగడి మెట్టెక్కి, “అన్నా, వచ్చిందా?” అని అడగడం మొదలుపెట్టాను. మొదట్లో మర్యాదగా, “ఇంకా లేదప్పా, బెంగుళూరుకే రాలేదు” అనేవాడు. తర్వాత్తర్వాత నా చెప్పుల చప్పుడు వినగానే, నేను నోరు తెరవకముందే, “రాలేదు” అని లోపలినుంచే అరిచేవాడు. ఒకరోజు అంగడి నిండా జనం ఉండగా ఇట్లా అన్నాడు:

“ఏమప్పా, ఇట్లాంటివన్నీ ‘వస్తాండాది, వస్తాండాది’ అని ఏండ్లకేండ్లు సాగదీస్తారు. అది వచ్చేది లేదు, నువ్వు ఎగిరేది లేదు.”

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మా సీమలో పౌరుషం వస్తే చెయ్యి మీసం మీదికే పోవాలి, పోయింది. “ఉగాది లోపల ఆట రాకపోతే నా మీసం తీసేస్తా అన్నా! వస్తే ఆ రోజంతా నీ కంప్యూటర్ నాది!”

సీడీ అన్న కౌంటర్ మీదుగా వంగి నా మూతిని పరీక్షగా చూశాడు. “అది మీసమా? టీ తాగి మూతి తుడుచుకోలేదేమో అనుకొంటినే ఇన్ని దినాలు!”

అంగడంతా నవ్వింది. నిజం చెప్పాలంటే ఆయన తప్పేమీ లేదు. అప్పటి నా మీసం వాన తప్పిన సంవత్సరం మా చేనులో శనక్కాయ మొలక లాంటిది. ఆడొకటి, ఈడొకటి, మొలిచింది అనడానికి లేదు, మొలవలేదని ఇన్సూరెన్స్ అడగడానికీ లేదు. కానీ పండినా ఎండినా చేను చేనే కదా. ఆముదం రాసి, అద్దం ముందు నిలబడి, రెండేళ్ళు సేద్యం చేసిన మీసం అది. దాన్ని పందెంలో పెట్టేశాను.

ఉగాది దగ్గర పడేకొద్దీ నాకు ఆట మీద ఆశ కంటే మీసం మీద బెంగ ఎక్కువైంది. పండగ ఇంకా రెండు రోజులుందనగా సాయంత్రం, చివరి ప్రయత్నంగా అంగడికి పోయాను. సీడీ అన్న ఎవరికో నూనె కొలిచి పోస్తున్నాడు. నూనె పోసేటప్పుడు ఆయన తల ఎత్తడు.

“అన్నా, ఆట వచ్చిందా?”

“యాడికి వస్తాదప్పా!” అన్నాడు విసుగ్గా.

ఇక్కడ మా వైపు కాని పాఠకులకు ఒక మాట. ‘ఎక్కడికి’ అనే మాటను మేము ‘యాడికి’ అంటాం. ‘యాడికి వస్తాది’ అంటే, ఎక్కడికీ రాదు, నోరు మూసుకుని పో అని. ఇంతవరకూ ఏ చిక్కూ లేదు. చిక్కల్లా తాడిపత్రి అవతల ‘యాడికి’ అని సాక్షాత్తూ ఒక ఊరు ఉండటమే. (ఆ ఊరు విభక్తితోనే పుట్టింది. దానికి ఇంకో ‘కి’ తగిలించి ‘యాడికికి’ అనడానికి నోరు రాక, యాడికి పోతాండా, యాడికి వస్తాండా అనే అంటారు.) పైగా సీడీ అన్న బామ్మర్ది నెల కిందట ఆ ఊళ్ళోనే ఒక కంప్యూటర్ సెంటర్ తెరిచాడు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టు నాకు ఆ ‘కి’ దొరికింది.

“యాడికా? మీ బామ్మర్ది అంగడికా అన్నా?” అన్నాను.

సీడీ అన్న నూనె పోయడం ఆపాడు. తల ఎత్తాడు. నా కళ్ళు చూశాడు, తర్వాత నా మీసం చూశాడు. ఆయన ముఖంలోకి ఒక పుణ్యాత్ముడి శాంతం వచ్చింది.

“ఊఁ... ఆడికే. పొద్దున్నే పో. ఆలస్యమైతే అయిపోతాయి.”

పొద్దున్నే పోయాను. తాడిపత్రిలో బస్సు మారి కూర్చున్నాక కండక్టర్ వచ్చాడు.

“యాడికి?”

“యాడికి.”

“అదే అడుగుతాండా, యాడికి?”

“యాడికే అన్నా!”

ఆయన పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని నన్ను జాలిగా చూశాడు. “నవ్వు అయిపోయిందప్పా. ఈ రూట్లో నాకు డ్యూటీ వేసిన మొదటి వారంలోనే అయిపోయింది. చిల్లర తియ్.” నేను నవ్వించడానికి అనలేదని చెప్పబోయాను గానీ, అప్పటికే ఆయన వెనక సీటువాణ్ణి “యాడికి?” అని అడుగుతున్నాడు. వాడూ “యాడికే” అన్నాడు.

నా పక్కన కూర్చున్న అవ్వ ఒళ్ళో కోడిని సర్దుకుంటూ, “ఏం పనిమీద పోతాండావు నాయనా?” అంది.

“అంతరిక్షానికి పోయే ఆట వచ్చిండాది అవ్వా. దానికోసం.”

“యాడికిలోనా?” అవ్వ ఆలోచనలో పడింది. “నా బిడ్డ ఆడ్నే కాపురముండాది. ఎప్పుడూ చెప్పలేదే!”

బామ్మర్ది కంప్యూటర్ సెంటర్ వెతకడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఒక చిన్న గది, ఒక జిరాక్సు మిషను, పసుపు కుంకుమ బొట్లు పెట్టి గుడ్డ కప్పిన ఒక కంప్యూటరు. బామ్మర్ది నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో నాకప్పుడు అర్థం కాలేదు.

“అన్నా, స్పేస్ గేమ్...” అన్నాను.

“స్పేసా? ఈడ స్పేస్ యాడుండాదప్పా, జిరాక్సు మిషను పెడితే నేను నిలబడేకే స్పేస్ లేదు!” అని, నా మూతి వైపు తేరిపార చూసి, “నువ్వేనా? బావ ఫోన్ చేసి చెప్పినాడులే. పా, పక్క అంగడే” అని చెయ్యి పట్టుకున్నాడు.

పక్క అంగడి కటింగ్ షాపు. కుర్చీ దులిపి సిద్ధంగా ఉంది. కటింగ్ చేసే పెద్దాయన కత్తి సానపడుతున్నాడు. నాకు అప్పుడు, ఆ కత్తి చప్పుడులో, ‘యాడికి వస్తాదప్పా’ అనే వాక్యం వ్యాకరణమంతా ఒక్కసారిగా బోధపడింది.

“పండగ రేపు కదన్నా, ఇంకా గడువుండాది...” అన్నాను.

“రేపు పండగప్పా, షాపు తెరవం” అన్నాడు పెద్దాయన. బామ్మర్ది నా భుజం తట్టి, “మాట ఇచ్చినావంటనే? మీసం పోతే వస్తాది, మాట పోతే వస్తాదా?” అన్నాడు. మా సీమవాణ్ణి లొంగదీయడానికి ఆ ఒక్క మాట చాలు. వెళ్ళి కూర్చున్నాను. పెద్దాయన నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు అటూ ఇటూ తిప్పి చూసి, బామ్మర్దిని అడిగాడు: “దీనికి కత్తి కావల్లనా, తడి టవలుతో తుడిస్తే సాలునా?”

ఆ సాయంత్రానికి నేరుగా పల్లె చేరాను. ఆ తొందరలో నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. మా వైపు కొడుకు మీసం తీసేది ఎప్పుడో ఒకసారి, తండ్రి పోయినప్పుడు. పండగ ముందురోజు మీసం లేకుండా వీధిలో నడిచి వస్తున్న నన్ను చూసి, రచ్చబండ మీద పులిజూదం ఆడుతున్న పెద్దమనుషులు గభాలున లేచి నిలబడ్డారు. ఒకాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, “ఎప్పుడు పోయినాడప్పా? పొద్దున కూడా చేను కాడ నాతో మాట్లాడినాడే!” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పోలేదని చెప్పినా వినని ఆయన్ని ఓదారుస్తూ, మరో నలుగురు వెంటరాగా నేను ఇంటికి పోయేసరికి, నాయన అరుగు మీద కూర్చుని ముద్ద తింటున్నాడు.

నన్ను చూశాడు. నా వెనక జనాన్ని చూశాడు. నింపాదిగా ముద్ద మింగాడు.

“ఏమిరా, నేనింకా ఉండానే! అంత తొందరేమొచ్చె నీకు?”

మరుసటి రోజు ఉగాది పచ్చడిలో నాకు చేదు తప్ప మిగతా రుచులేవీ తగల్లేదు. నాయన మాత్రం పంచాంగం చదివించుకుని వచ్చి, “ఈ ఏడు నాకు ఆయుస్సు గట్టిదంటలే. నువ్వు పెంచుకో” అన్నాడు.

పెంచుకున్నాను. మీసం మళ్ళీ మొలిచి, ఈసారి కాస్త ఒత్తుగా కూడా పండాక, ‘త్వరలో’ అన్న ఆట నిజంగానే వచ్చింది. అప్పటికి నా డిగ్రీ ఎట్లాగో గట్టెక్కి, ఉద్యోగం ఇంకా ఎదురుపడక, సీడీ అన్న అంగడిలోనే కంప్యూటర్లు చూసుకుంటున్నాను. (పగవాడి అంగడిలో పనా అని మీరు అడగవచ్చు. పగ వేరు, ఫ్యాను కింద కుర్చీ వేరు.) ఆట ఎక్కించి, మొదటి గ్రహం మీద నేనే దిగాను. ఎర్రటి నేల, రాళ్ళు, బోడికొండ. నాయన చెప్పింది నిజమే, అచ్చంగా మా తూర్పు చేనే. అంత దూరం ఎగిరిపోయి మళ్ళీ అనంతపురంలోనే దిగిన మొదటి వ్యోమగామిని నేను. దానికి ‘నాయన చేను’ అని పేరు పెట్టాను. ఆ తర్వాత నాకు ఆట మీద మోజు తగ్గింది. ఎదురుచూసినంత రుచి ఆటలో లేదు.

మోజు పట్టుకున్నది సీడీ అన్నకు. నూనె కొలవడం మానేసి గ్రహాలు కొలవడం మొదలుపెట్టాడు. కాలేజీ పిల్లలు తన నౌకను ముట్టుకుంటున్నారని ఒకరోజు గోలపెట్టి, “దానికి గట్టి పాస్‌వర్డ్ పెట్టప్పా, ఎవరికీ తట్టగూడదు” అన్నాడు. పెట్టాను. మరునాడు అంగడి నిండా జనం ఉండగా, ఉత్సాహంగా వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

“పాస్‌వర్డ్ ఏందప్పా?”

“యాడికి.”

“యాడికేంది, ఆ ఉంగరాలుండే గ్రహానికి! నిన్న సగం దారిలో నిలబెట్టి పోయినా. చెప్పు, పాస్‌వర్డ్?”

“యాడికి అన్నా.”

“చెప్తిని కదప్పా, ఉంగరాలుండే దానికని! నేను యాడికి పోతే నీకెందుకు?”

“నేనూ అదే చెప్తాండానన్నా. యాడికి.”

నూనెకు వచ్చిన వాళ్ళు నూనె మరిచిపోయి నిలబడ్డారు. సీడీ అన్న చెమట తుడుచుకుని, పండితుడి దగ్గరకొచ్చిన శిష్యుడిలా గొంతు తగ్గించాడు. “నీకు చెప్పేకి ఇష్టం లేకపోతే, ఎవర్ని అడగల్లనో అదన్నా చెప్పు సామీ.”

నేను మీసం మీద చెయ్యి వేసి, మెల్లగా దువ్వాను. “మీ బామ్మర్దిని అడుగన్నా. పొద్దున్నే పో. ఆలస్యమైతే అయిపోతాయి.”

ఆయన నా మీసం వైపు చూశాడు. తర్వాత కీబోర్డు వైపు తిరిగి, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇంగ్లీషులో ఆ ఊరి పేరు కొట్టాడు. నౌక కదిలింది.

ఇప్పుడు ఆటలు ఎదురుచూడనివ్వకుండా ఫోన్లోకే వచ్చి పడుతున్నాయి. నా మీసం ఒత్తుగానే ఉంది, రంగు మాత్రం మబ్బుదయింది. (నాయన చూసి ఉంటే వాన వస్తాదేమోనని ఆశపడేవాడు.) ఒక్కటి మాత్రం మార్చుకోలేకపోయాను. ఈనాటికీ నా పాస్‌వర్డ్ అదే. ఇది అచ్చయ్యేలోగా మార్చుకోవాలి.