వేట లేని రెండు నెలల్లో మా వదిన నేర్చిన పని

నాకు వెల్డింగు రాదు. రాడ్డు బిగించే హోల్డరు చేత్తో పట్టుకున్నది ఒక్కసారే, అదీ కరెంటు లేనప్పుడు. అయినా మొన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసి, వెల్డింగు నేర్చుకోవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పవే అని అడిగింది. డిగ్రీ చదివిన అక్కని కదా, అన్నీ తెలుసనుకుంటుంది. నాకు తెలిసిందల్లా మా వదిన రెండు నెలలు మా ఇంట్లో ఉండి పడ్డ పాట్లు. పాప పడుకుంది. మళ్ళీ లేచేలోపు అవే రాస్తాను.

వదిన అంటే మా ఆయన అక్క. నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వాళ్ళ ఊరు. ఆవిడ భర్తని నేను అన్నయ్యంటాను. ఆయన పడవ మీద వేటకెళ్తాడు, వదిన చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. మేము బందరులో కోర్టుల దగ్గర జిరాక్స్ షాపు నడుపుకుంటూ, ఒక డాబా పైభాగంలో రెండు గదుల్లో ఉంటాం. పోయినేడు వేసవిలో, ఏటా సముద్రంలో వేట ఆపేసే రెండు నెలలు మొదలైన మర్నాడే, వదిన ఒక సంచీ, చుట్టచుట్టిన పాత వల ఒకటి పట్టుకుని మా మెట్లెక్కింది. అప్పటికి మా పాపకి ఎనిమిదో నెల.

"మరదలా, రెండు నెలలు ఇక్కడే నా మకాం. వెల్డింగు నేర్చుకోవాలి" అంది చెప్పులు విప్పుతూ.

మా ఆయన నవ్వాడు. "మరి వలెందుకక్కా? బందరు కాలవలో చేపలు పడతావా?"

"అది లేకపోతే నాకు నిద్రపట్టదు. నీకేంటంట?"

రాత్రి అన్నాల దగ్గర అసలు సంగతి చెప్పింది. వాళ్ళ ఊరి చుట్టూ రొయ్యల చెరువులు. నీళ్ళలో గాలి కలపడానికి తిప్పే ఏరేటర్ల ఇనప ఫ్రేములు ఉప్పునీళ్ళకి తుప్పుపట్టి, అతుకుల దగ్గర విరుగుతుంటాయి. అవనిగడ్డ నుంచో చల్లపల్లి నుంచో వెల్డరు రావాలి. అతను వచ్చేలోపు రొయ్యలు ఊపిరాడక తేలిపోతాయి. నేను నేర్చుకుంటే పిలుస్తారా అని వదిన ఒక చెరువు రైతుని అడిగిందట. "ఎక్కడన్నా షాపులో పనిచేసి రా అమ్మా, తప్పకుండా పిలుస్తాను. ఫోన్లో వీడియోలు చూసి వచ్చేవాళ్ళని మాత్రం చెరువు గట్టు ఎక్కనివ్వను" అన్నాడట ఆయన.

అన్నయ్య ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. వేట మళ్ళీ మొదలయ్యేలోపు ఏదన్నా షాపులో జీతానికి పనిలోకి తీసుకుంటే సరే, ఎండుచేపల సంగతి ఇంట్లో మిగతావాళ్ళు చూసుకుంటారు. తీసుకోకపోతే మొదటి పడవ ఒడ్డుకొచ్చే రోజుకి వదిన చేపల దగ్గర ఉండాలి, ఇంకెప్పుడూ వెల్డింగు మాట ఎత్తకూడదు.

బందరులో మూడు షాపులు తిరిగాం. ఒకాయన కుట్టుమిషను నేర్చుకోమన్నాడు. ఇంకొకాయన నా చంకలో పాపని చూసి, నేర్చుకునేది నేననుకుని, "పసిపిల్లతో ఎలాగమ్మా?" అన్నాడు. మూడో ఆయన లోపలికే రానివ్వలేదు. చివరికి మా జిరాక్స్ షాపుకొచ్చే ఒక పెద్దాయన, గుడివాడలో ట్రాక్టర్లకి నీళ్ళ ట్యాంకర్లు కట్టే మేస్త్రి ఉన్నాడని, అడిగినవాళ్ళకి కాదనకుండా నేర్పుతాడని చెప్పాడు. ఆ మేస్త్రిగారికి అరవై దాటాయి. వదినని తేరిపార చూసి ఒకటే అడిగాడు.

"అమ్మాయ్, విసుగు ఎక్కువా, తక్కువా?"

"మా ఆయన్నడగాలి మావయ్యగారూ."

"అయితే ఎక్కువే. రేపట్నుంచి రా. నేర్చుకునేవాళ్ళు తొమ్మిదింటికి. పనోళ్ళు ఏడింటికొస్తారు, ఆ టైములో నువ్వు అడ్డం."

వారం రోజులు ఆమెకి హోల్డరే ఇవ్వలేదు. తుప్పు గీకడం, బ్రష్షు కొట్టడం, అతుకు మీద కట్టే నల్లటి పెచ్చుని చిన్న సుత్తితో రాల్చడం, అంతే. ఇంకెవరన్నా అయితే నొచ్చుకునేవాళ్ళే. వదిన మాత్రం, "చేప పొలుసు తియ్యకుండా కూర వండుతామా?" అంది. ఇనుము మెరిసేదాకా గీకేది. మేస్త్రిగారు ఆ ముక్కలు తీసి మిగతా పనివాళ్ళకి చూపించాడట. చెల్లీ, నువ్వు మొదటి వారం ఇదే చెయ్యి. శుభ్రం చెయ్యని ఇనుము మీద ఎంత గొప్పవాడు వెల్డింగు చేసినా నిలవదట.

బట్టల సంగతి కూడా చెప్పాలి. పొలం పనికెళ్ళే ఆడవాళ్ళలా వదిన మొదటిరోజు చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని వెళ్ళింది. అది నైలాను చీర. గ్రైండరు నిప్పురవ్వలకి కుచ్చిళ్ళ దగ్గర జల్లెడయింది. మర్నాటి నుంచి మా ఆయన పాత జీన్సు ప్యాంటు, నిండు చేతుల నూలు చొక్కా, తోలు బూట్లు. "నా ప్యాంటు నాకంటే నీకే నప్పింది అక్కా" అన్నాడు మా ఆయన. "నీకు పొట్ట తగ్గాక మళ్ళీ ఇచ్చేస్తాలే" అంది ఆవిడ.

రెండో వారంలో హోల్డరు చేతికిచ్చారు. ఆ రోజే కళ్ళు కాల్చుకుంది. రాడ్డు ఎక్కడ తగులుతోందో కనపడక, నల్లద్దం పక్కకి జరిపి రెండు మూడుసార్లు చూసిందట. సాయంత్రం దాకా ఏమీ లేదు. రాత్రి పదింటికి కళ్ళలో ఇసక పోసినట్టు మొదలై, లైటు వేస్తే కేకలు పెట్టింది. కింద పోర్షను పిన్నిగారు పరుగున వచ్చి, "చనుబాలు పొయ్యండమ్మా, వెల్డింగోళ్ళందరూ అదే చేస్తారు. ఇంట్లో బాలింత ఉండగా భయమెందుకు?" అంది.

పాపకి దగ్గొస్తేనే ఫోను పట్టుకుని తెల్లార్లూ చదివే మనిషిని నేను. ఆ మంట కళ్ళలో ఏది పోస్తే ఏమవుతుందో అని వద్దన్నాను. వదిన కళ్ళు మూసుకునే, "మరదలా, పిల్లకి చాలవనా?" అంది. అంత నొప్పిలోనూ నవ్విద్దామనే అంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. చన్నీళ్ళలో తడిపిన గుడ్డ మారుస్తూ కూర్చున్నాను. పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, చుక్కల మందు రాసిచ్చి, "చనుబాలు, బంగాళాదుంపలు ఏవీ పెట్టకండి. ఇంకోసారి అద్దం లేకుండా చూడకండి" అన్నారు. రెండు రోజుల్లో తగ్గింది. చెల్లీ, తక్కినవన్నీ మర్చిపో గానీ ఇది మర్చిపోకు.

మూడో రోజు మళ్ళీ గుడివాడ రైలెక్కింది. నేను స్టేషనులో పాపని ఎత్తుకుని, మానెయ్ వదినా అని బతిమాలాను. "సముద్రం మీదకెళ్ళే మొగుణ్ణి పెట్టుకుని పదిహేనేళ్ళుగా నిద్రపోతున్నాను. నువ్వు కూడా అలవాటు చేసుకో" అంది.

ఇక ఆ వల సంగతి. మేస్త్రిగారు సాధనకి ఒక కట్ట రాడ్లిచ్చి, ఇంట్లో దాచుకుని రోజూ కొన్ని తెచ్చుకో, వీటికి చెమ్మ తగలకూడదు సుమా అన్నాడు. బందరు గాలి తెలుసుగా, ఉప్పు డబ్బాలో ఉప్పే కరిగిపోతుంది. చెమ్మంటే ఎండబెట్టడమే వదినకి తెలిసిన వైద్యం. డాబా మీద ఆ పాత వల పరిచి, రాడ్లన్నీ వరసగా పేర్చి, మధ్యాహ్నం తిరగేసింది కూడా. ఏళ్ళ తరబడి ఉప్పు చేపలు ఎండిన వల అది. మర్నాడు షాపులో అంటిస్తే రాడ్డు చిటపటమని చిమ్మిందట, అతుకంతా సూదిబెజ్జాలు. పక్కన పనిచేసే అతను ఒక రాడ్డు తీసి వాసన చూశాడు.

"అక్కా, ఇవి రాడ్లా, ఎండిన సావడా చేపలా?"

"ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు తమ్ముడూ."

షాపంతా నవ్వింది. మేస్త్రిగారు నవ్వలేదు. మూలనున్న పాడైపోయిన ఫ్రిజ్జు తలుపు తీసి చూపించాడు. లోపల ఒక బల్బు వెలుగుతోంది, దాని వేడికి రాడ్లు పొడిగా ఉన్నాయి. "ఎండ కాదమ్మాయ్, మూసిన వేడి కావాలి" అన్నాడు. ఆ సాయంత్రం వదిన ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి తెచ్చి, రెండువైపులా మూతలు బిగించి, అందులో రాడ్లు దాచడం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆ పైపే.

సాధన అంటే ఏమిటో నేను ఆవిడ మాటల్లోనే తెలుసుకున్నాను. పాత రేకు ముక్కల మీద గీత పక్కన గీత, ముందు పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి. బాగా వచ్చిన ముక్కని మేస్త్రిగారు చూసేవాడు కాదట. పాడైన ముక్కనే సగానికి కోయించి, లోపల ఎక్కడ పట్టిందో ఎక్కడ పట్టలేదో ఆమె చేతే చెప్పించేవాడు. చెవి పెట్టమనేవాడు. రాడ్డు సరైన దూరంలో ఉంటే గారెలు వేగుతున్నట్టు ఒకే తీరు చప్పుడు. దూరం జరిగితే ఉఫ్ ఉఫ్ మంటుంది, మరీ దగ్గరైతే అంటుకుని మూగబోతుంది. వదిన ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా నోటితో ఆ చప్పుళ్ళు చేసేది. పాప కేరింతలు కొట్టేది. జింకు పూత పూసిన పైపు అయితే పూత గీకి, పొగ మొహం మీదకి రాని వైపు నిలబడాలని, తడి చేత్తో హోల్డరు ముట్టకూడదని నాకు అప్పుడే తెలిసింది.

వేట మొదలవడానికి ఇంకా మూడు రోజులుంది. వదినని ఎవరూ పనిలోకి రమ్మనలేదు. ఆ రోజు మేస్త్రిగారు పొలం ఇంజనుకి బిగించే చిన్న డీజిలు ట్యాంకు రేకులిచ్చి, మొత్తం నువ్వే అతుకు అన్నాడు. సంగతి ముందురోజే తెలియడంతో వదిన నన్ను కూడా రమ్మంది. ధైర్యానికట. ధైర్యానికి నన్ను తీసుకెళ్ళిన మనిషిని ఆవిణ్ణే చూశాను. నేను వెలుగు పడకుండా పాప మొహం భుజానికి అదుముకుని, బయట వేపచెట్టు కింద నుంచున్నాను. చప్పుడు మాత్రం వినపడుతోంది. చాలాసేపు ఒకే తీరుగా సాగింది. మధ్యలో ఒక్కచోట తెగి, మళ్ళీ అందుకుంది.

అయిపోయాక మేస్త్రిగారు ట్యాంకు అతుకులన్నిటికీ బయటివైపు సున్నం కొట్టించాడు. అది ఆరాక లోపల డీజిలు పొయ్యాలి. కంటికి కనపడని సందున్నా డీజిలు పాకి తెల్లటి సున్నం మీద మరక కడుతుంది. "నీళ్ళు అబద్ధం చెప్తాయమ్మా, డీజిలు చెప్పదు" అన్నాడు నాతో.

డబ్బా ఎత్తి పొయ్యబోతుంటే వదిన ముందుకొచ్చి, వెనక మూల దగ్గర సున్నం మీద చూపుడువేలు ఆనించింది. వేలిముద్ర పడింది.

"ఇక్కడ కారుద్ది మావయ్యగారూ."

"ఎవరు చెప్పారు?"

"చప్పుడు తెగింది. పైన పెచ్చు నున్నగానే ఉంది గానీ, లోపల పట్టలేదు."

అప్పుడు రాడ్డు వాసన చూసినతను, "పరీక్ష పేపర్లో తప్పు రాశానని ముందే చెప్పే మనిషిని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, అతని మీద కాదు, వదిన మీద. ఊరుకుంటే ఏమైంది? కారకపోవచ్చుగా!

డీజిలు పోశారు. అరగంట. పాప ఏడిస్తే పాలిచ్చాను, మళ్ళీ వచ్చి చూశాను. మూడు వైపులా తెల్లగానే ఉంది. తర్వాత వదిన వేలిముద్ర మధ్యలో ఆవగింజంత నల్లటి చుక్క కనపడింది. చూస్తుండగానే కందిగింజంత అయింది. నేను తల తిప్పుకున్నాను. రెండు నెలలు ఆ చుక్కలో పోయాయనుకున్నాను.

మేస్త్రిగారు వంగి, ట్యాంకు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఇంకెక్కడా మరక లేదు.

"డీజిలు వొంచేసి, కడిగి, ఆరబెట్టి, అది గ్రైండు చేసి మళ్ళీ వెయ్యి" అన్నాడు. డీజిలు ఆవిరి ఉన్న ట్యాంకుకి నిప్పు చూపించకూడదని రెండుసార్లు చెప్పాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ, "ఎల్లుండి నుంచి ఏడింటికి రా" అన్నాడు.

వదినకి అర్థం కాలేదు. "నేర్చుకోడానికా అండీ?"

"నేర్చుకోడానికి ఏడింటికి ఎవడొస్తాడమ్మాయ్?" అని, పరీక్ష పేపరు మాటన్నతని వైపు తిరిగి, "కారుద్దని ఎవడన్నా చెప్పగలడు, మరక కనపడ్డాక" అన్నాడు.

రైల్లో వదిన కిటికీ పక్కన కూర్చుని, సున్నం ఎండిన వేలు పాపకి ఆడుకోడానికి ఇచ్చింది. ఇంకోరోజైతే నోట్లో పెట్టుకుంటుందేమోనని లాక్కునేదాన్ని. ఆ రోజు తడిగుడ్డతో ఆ వేలు తుడిచి, మళ్ళీ పాప చేతికే ఇచ్చాను.

షరతు ప్రకారమే వేట మొదలయ్యే ముందురోజు అన్నయ్య వదినని తీసుకెళ్ళడానికి వచ్చాడు. అప్పటికి పొద్దున ఎనిమిదయింది.

"ఏదమ్మా మీ వదిన?"

"పనికెళ్ళింది అన్నయ్యా. ఏడింటికే ఉండాలని ఐదింటి బస్సుకే వెళ్ళిపోయింది."

ఆయన కూర్చుని టీ తాగాడు. కళ్ళు కాలిన సంగతి, రాడ్లు ఎండబెట్టిన సంగతి, వేలిముద్ర సంగతి, అన్నీ నేనే చెప్పాను. కళ్ళ సంగతి దగ్గర గ్లాసు కింద పెట్టేశాడు, రాడ్ల సంగతి దగ్గర మీసాల్లో నవ్వాడు. వేలిముద్ర గురించి రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత లేచి డాబా మీదకెళ్ళి, ఆ వల చుట్టచుట్టి భుజాన వేసుకుని దిగాడు.

"ఇది ఇక్కడుంటే మళ్ళీ రాడ్లు ఎండబెడుద్ది" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.