గుర్రుమనే చెయ్యి

తార్నాక దగ్గర బస్సు బ్రేకు కొడితే పక్క సీటాయన చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి కరెంటు కొట్టి కండక్టర్ ఒళ్లో పడ్డానని అందరికీ చెబుతుంటాను. నిజానికి పడలేదు. చెయ్యి లోపల పిల్లి గుర్రుమన్నట్టుంటే జడిసి వదిలేశానంతే.

“డయాలసిస్ చెయ్యి తాతా. మంచి రక్తం నరాన్ని చెడు రక్తం నరానికి కలిపి కుట్టిన్రు. బీపీ గోలీలు మానేసిన. రక్తనాళాలు గట్టిపడ్డయి, కిడ్నీలు పోయినయి. భయపడకు, మెల్లగ పెట్టి చూడు.”

నా వేళ్లను తనే మణికట్టు మీద ఆనించుకున్నాడు. చర్మం కింద ఏరు పారుతోంది. యూనివర్సిటీ గేటు దాకా చెయ్యి తీయలేకపోయాను.

“నీకు బీపీ ఉన్నదా?”

“లేదు,” అన్నాను. అదీ అబద్ధమే. గోలీలు నేనూ మానేశాను.

ఇప్పుడు రోజూ వేసుకుంటున్నాను. గోలీ పట్టుకోగానే వేళ్లలో ఆ గుర్రు వినిపిస్తుంది.