మా తమ్ముడి కేక

మా తమ్ముడు పగలు రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. సాయంత్రాలు కరెంటు గిటారు తగిలించుకుని బర్మా భాషలో రాక్ పాటలు పాడేవాడు. పెళ్లి, చెవులు కుట్టడం, పగోడా ఉత్సవం, ఎవరు పిలిచినా వెళ్లేవాడు. బస్సుకు వేలాడడం, ఓవర్‌టైము, ఇంటికొచ్చేసరికి అన్నం చల్లారిపోవడం, ఇవే అతని పాటలు. రేవు కూలీలూ కండక్టర్లూ అవి తమవే అన్నట్టు గొంతు కలిపేవారు. మిలిటరీ ప్రభుత్వపు రేడియోలో అలాంటివి వచ్చేవి కావు. క్యాసెట్ ఒక్కటే దారి.

అందుకే చిమిండైంగ్ పేటలో మా తెలుగువాళ్ల అమ్మోరి పండగకి పాడమన్నప్పుడు, లమ్మడా పేట నుంచి ఒక క్యాసెట్ల వ్యాపారిని బతిమాలి తీసుకొచ్చాడు. ఆయనకు నచ్చితే క్యాసెట్, లేకపోతే బస్తాలే. ఆ రోజు పన్నెండు పాటలు పాడాడని మావాళ్లు చెప్పుకుంటారు. తొమ్మిదే. నేను ముందు వరసలో ఉన్నాను.

ఆరో పాటలో తమ్ముడు జుట్టు విరబోసుకుని, తల గిరగిరా తిప్పుతూ ఒక కేక వేశాడు. రాక్ పాట ఎన్నడూ ఎరగని మా పెద్దమ్మ, అమ్మోరు పూనిందనుకుని బిందెడు పసుపునీళ్లు అతని నెత్తిన కుమ్మరించింది. డ్రమ్ములాయన పరుగెత్తి కరెంటు తీగ పీకేశాడు. అప్పటికే ఆడవాళ్లు వేపమండలు పట్టుకుని వరస కట్టారు.

"తల్లీ, మా గుంటడికి పనెప్పుడు దొరుకుద్దో సెప్పు," అంది పెద్దమ్మ.

"నా మీదికి ఎవలూ రానేదు పెద్దమ్మా. పాట పాడతన్నాను."

"ఒచ్చినప్పుడు అందరూ అలాగే అంటారు."

వ్యాపారి కూడా లేచి వరసలో నిలబడ్డాడు. బర్మావాళ్లకూ దేవతలు పూనడం కొత్త కాదు. చౌక్తడాలో కొత్త దుకాణం పెడితే కలిసొస్తుందా అని చేతులు జోడించి అడిగాడు. క్యాసెట్ తీస్తే కలిసొస్తుందని చెప్పమని నేను తమ్ముడి చెవిలో ఊదాను. తమ్ముడు మొహం తుడుచుకుని, తనకేమీ తెలియదనీ, ఇంకా మూడు పాటలున్నాయి కూర్చోమనీ బర్మా భాషలో చెప్పాడు.

గిటారు తడిసింది కనుక ఆ మూడూ డ్రమ్ముల మీదే, పసుపు కారుతూ పాడాడు. అమ్మోరు ఎప్పుడు దిగుతుందా అని ఆడవాళ్లు చివరిదాకా కదల్లేదు. వ్యాపారి వాళ్లనే చూస్తూ కూర్చున్నాడు. ఆఖరున క్యాసెట్ తీస్తానన్నాడు, ఆ కేక మాత్రం ఉండాలన్నాడు.

రికార్డింగుకు ముందు పాటలన్నీ రాసి సర్కారు ఆఫీసులో అనుమతి తెచ్చుకోవాలి. రాసినదీ పాడినదీ ఒకటే కావాలి. మరి కేక? తమ్ముడు వంటింట్లో నిలబడి మళ్లీ మళ్లీ వేశాడు, నేను దాన్ని ఉన్నంత పొడవూ అక్షరాల్లో రాశాను. కాగితం మీద వరసన్నర వచ్చింది. ఎవరికి జబ్బుగా ఉందని పక్కింటివాళ్లు వచ్చి అడిగారు. ఆఫీసువాళ్లు ఓవర్‌టైము పాటలో మాటలు కొట్టేశారు గానీ, కేకలో ఒక్క అక్షరమూ తియ్యలేదు.